చాకలి గుర్తు లేని చీర

తెల్ల బట్టల డబ్బా అడుగు నుంచి తీసిన చీర మూలన చాకలి పెట్టిన నల్లజీడి గుర్తు కనిపించింది. రెండు చుక్కలు, కింద ఒక అడ్డగీత. చూసి కూడా చూడనట్టు ఒక నిమిషం కూర్చున్నాను, ఎందుకంటే ఈ చీర ఇక్కడ ఉండకూడదు, నా ఒళ్లో ఉన్న ఈ పసిపిల్ల బొంత లోపల ఉండాలి, నాలుగు రోజులుగా నడుము విరిగేలా కూర్చుని కుట్టిన ఈ మూడు పొరల బొంతకు నడిమి పొరగా ఉండాలి. గోడ గడియారంలో పది దాటి ఐదు నిమిషాలైంది. పదకొండింటికి హైమవతి మేడం వస్తుంది. ఆమె కూతురు పూజ పంజాగుట్ట ఆస్పత్రి నుంచి ఇవాళ మధ్యాహ్నం బిడ్డనెత్తుకుని ఇంటికి పోతుంది, ఆ బిడ్డను ఇంట్లో మొదటిసారి పడుకోబెట్టేది ఈ బొంత మీదే. పసిబిడ్డకు కొత్తబట్ట తగలనివ్వరు కదా, పాత బట్ట కావాలి, అదీ ముత్తవ్వ కట్టి మెత్తబడ్డ బట్టే కావాలని మేడం తన తల్లి చీరలు మూడు తెచ్చి ఇచ్చింది, మూడింటికీ వాళ్ల ఊరి చాకలి పెట్టిన ఒకటే గుర్తు. ఆకుపచ్చ అంచుది పైకి, గోధుమరంగుది అడుగుకు, అన్నిటికంటే మెత్తటి తెల్లది నడుమకు. ఆ మెత్తటి తెల్లది ఇదిగో నా కుడిచేతిలో ఉంది. అయితే ఎడమచేతి కింద, ఈ బొంత కడుపులో ఉన్నది ఎవరిది?

ఎవరిదో నాకు తెలుసు. తెలియనట్టు ఇంకో నిమిషం గడపాలనిపించింది కానీ బొటనవేలు ఊరుకోలేదు, తనంతట తానే బొంత నడిమికి పాకి అక్కడ గట్టిగా చింతగింజంత తగిలేచోట ఆగింది. అక్కడ రఫ్ఫు ఉంది. నాలుగు రోజుల కిందట పొరలు పరిచేటప్పుడు చూశాను, నీలం దారంతో దగ్గరదగ్గరగా అల్లిన రఫ్ఫు, మేడం తెచ్చిన రోజు ఇది నా కళ్లు దాటిపోయిందేమో అనుకుని, హైమవతి మేడం తల్లి ఇంత పొదుపరా అని ముచ్చటపడ్డాను కూడా, ఇంత ఇల్లూ వాకిలీ ఉండి చిరుగు రఫ్ఫు చేసుకుని కట్టుకుందే పెద్దామె అని. ఏ పెద్దామె? మేడం తల్లి చీరకు చిరుగు లేదు, ఇప్పుడు మడతలు విప్పి చూస్తున్నాను, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క చిరుగు లేదు. నీలం దారం మాట నాతో అన్నది వజ్రమ్మ. మా వీధి మలుపు నుంచి పంజాగుట్ట ఫ్లైఓవర్ దాకా రోడ్లూడ్చే వజ్రమ్మ. రెండు నెలల కింద మూట తెచ్చి, ఇందులో తెల్లది మా అమ్మదక్కా, చెత్తబండి తోసేటప్పుడు రేకు తగిలి చిరిగితే నీలం దారంతో తనే రఫ్ఫు చేసుకున్నది అని ఏదో చెప్పింది. నేను ఫోన్ మాట్లాడుతూ సగం చెవితో విన్నాను. వజ్రమ్మ చీరలకు చాకలి గుర్తు ఉండదు, ఆమె తల్లి చీర ఏ చాకలి ఇంటికి పోయింది గనక.

డబ్బాలు. ఈ డబ్బాలను చూస్తే నాకు కోపం, నవ్వు రెండూ వస్తాయి. పద్దెనిమిది డబ్బాలు, అద్దంలా లోపలిది బయటికి కనిపించేవి, ఒక్కోదాని మీద చీటీ: ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పూలవి, గళ్లవి, తెలుపు. సిరిసిల్లలో మా తమ్ముడి కొత్తింటి పాలపొంగుకు పోయి నాలుగు రోజులుండి వచ్చేసరికి నా కోడలు మానస ఈ గదిని ఇలా చేసింది. ఆఫీసుకు రెండు రోజులు సెలవు పెట్టి మరీ చేసింది. కొడుకు సురేందర్ వాకిట్లోనే నా కళ్లు మూసి లోపలికి తీసుకొచ్చి, ఇప్పుడు చూడమ్మా అన్నాడు. చూశాను. గోడకు ఆనించి నేను పేర్చుకున్న ఇరవై ఒక్క మూటలు లేవు. గది నేల కనిపిస్తోంది, ఎన్నేళ్లయిందో ఆ గచ్చు రంగు చూసి. సూదులన్నీ పొడుగు ప్రకారం స్పాంజి ముక్కకు గుచ్చి ఉన్నాయి, దబ్బనాలు వేరే, గుండీలు పోపులడబ్బాలో, దారపు రీళ్లు మేకులకు వరసగా. మా ఆయన రాజమల్లు కత్తెరకు నూనె పెట్టి తుప్పు వదిలించింది. దాన్ని మాత్రం ఎత్తి వెలుతురులో తిప్పి తిప్పి చూశాను, ఆ పిల్ల చెడ్డది కాదు. అందుకే మూటలేవి బిడ్డా అని గట్టిగా అడగలేకపోయాను. అన్నీ ఉతికేసిన అత్తమ్మా, మెత్తగుండే లిక్విడ్ పోసి, రంగుల ప్రకారం పెట్టిన, ఇగ దేవులాడే పని లేదు అంది. మూటకు చీటీ ఉండదు, మూటే చీటీ. ఎవరింటి మూటను వాళ్ల చీర చింపిన పేలికతోనే కడతాను, అది చూస్తే చాలు ఎవరిదో తెలుస్తుంది. ఆ పేలికలన్నీ చుట్టచుట్టి రిబ్బన్లు అని రాసిన డబ్బాలో పెట్టింది. ముక్కుతోనన్నా పోల్చుకుందామంటే పద్దెనిమిది డబ్బాలూ ఒకటే వాసన, ఎవరింటి వాసనా కాదది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు బస్సు దిగి వచ్చిన అలసటలో, ఫొటోలు తీస్తున్న వాళ్ల సంబరంలో, నాకూ ఆ గది బాగానే అనిపించింది. హైమవతి మేడం ఫోన్ చేసి పూజకు నొప్పులొస్తున్నాయి తొందరగా కానివ్వండి అంటే, ఆ సాయంత్రమే తెలుపు డబ్బా తెరిచి, పైనున్న మెత్తటిది తీసి పరిచేశాను. గుర్తు చూడలేదు. నలభై ఏళ్లలో గుర్తు చూడకుండా పొర పరిచింది అదొక్కసారే.

పరిచేటప్పుడు పేరు చెబుతాం. మా అమ్మ నేర్పింది. సిరిసిల్లలో మా నాన్న మగ్గం గుంటలో కూర్చుంటే, పక్కన వాకిట్లో అమ్మ ఈతచాప మీద బొంత పరిచేది, ఒక్కో పొర వేసి అరచేత్తో ముడతలు దువ్వుతూ, ఇది రాజనర్సయ్య పెదనాన్న ధోతి, ఇది మంగవ్వ చిన్నమ్మ చీర అని ఆ బట్ట కట్టినవాళ్ల పేరు పైకి అనేది. అనకపోతే ఏమైతదే అమ్మా అని అడిగితే, ఏం కాదు, ఎవలను కప్పుకుంటున్నమో తెల్వకుంట కప్పుకుంటమా అంది. అంతే చెప్పింది. మంత్రమూ కాదు మొక్కూ కాదు, మా ఇంటి అలవాటు. నేనూ అలాగే అంటాను, మేడం తల్లి పేరు లక్ష్మీనరసమ్మ అట, మొన్న ఆ తెల్ల పొర దువ్వుతూ లక్ష్మీనరసమ్మ అన్నాను. వజ్రమ్మ తల్లి చీరను పట్టుకుని లక్ష్మీనరసమ్మ అన్నాను. నాలుగు రోజులు ఆ రఫ్ఫును నిమురుకుంటూ ఒకరి చేతిపనిని ఇంకొకరికి మెచ్చుకున్నాను. వజ్రమ్మ తల్లి పేరేంటో నాకు తెలియదు కూడా. అడగలేదు.

బ్లేడు ఎక్కడుందో వెతికాను. బ్లేళ్లకు వేరే డబ్బా ఉంది, దాని మీద జాగ్రత్త అని రాసి ఉంది. తీసి బొంత మూల అంచు మీద పెట్టాను, చెయ్యి వెంటనే ఆడలేదు, ఎందుకంటే కుట్టు చూస్తుంటే నాకే ముద్దొస్తోంది, అంచు నుంచి మొదలై లోపలికి చుట్టుకుంటూ పోయిన గొలుసు, ఎక్కడా వంకర లేదు, మైనం పట్టిన దారం. రాజమల్లు ఉంటే, అతను సూట్లు కుట్టిన చేతులతో తడిమి, ఊఁ పర్వాలేదు అనేవాడు, అదే అతని దగ్గర పెద్ద మెప్పు. గుడ్డపేలికల పని అనేవాడు నా పనిని. అతని షాపులో ప్యాంటు ముక్కలు మిగిలితే నాకు తెచ్చేవాడు గానీ నా పని మీద ఒక్కసారి కూడా కూర్చోలేదు. అతను పోయాక ఆరేళ్లుగా ఈ ఇంటికి అపార్ట్‌మెంట్ల వాళ్లు వస్తున్నారు, మా అమ్మది, మా నానమ్మది అని చీరలు తెస్తున్నారు, చెబుతూ చెబుతూ ఏడుస్తున్నారు, పేలికల పనే అయితే ఏడుపెందుకు? సర్రుమని మొదటి కుట్టు తెగింది. రెండోది తెగింది. కింద గల్లీలో కోచింగ్ కాగితాలు పంచేవాడు ఒకటే అరుపు, జావా, పైథాన్, కొత్త బ్యాచ్ అని, పిల్లలు హాస్టళ్ల నుంచి టిఫిన్లు తిని గుంపులుగా పోతున్నారు, పైన మెట్రో పోయినప్పుడల్లా కిటికీ రెక్క గిలగిల కొట్టుకుంటుంది.

హాల్లో ఆఫీసు మీటింగ్ అయిపోయిందేమో మానస తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"అయ్యో! ఏం చేస్తున్నరు అత్తమ్మా? గంటల ఆ మేడం వస్తది కదా?"

చెప్పాను. గుర్తు చూపించాను. ఆ పిల్ల ముఖం మాడిపోయింది, వచ్చి నా పక్కన గచ్చు మీద కూలబడి చీర మూల పట్టుకుని రెండు చుక్కల్నీ గీతనూ చూసింది, ఇది మరక అనుకున్న, రెండుసార్లు రుద్దిన పోలే అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా. తర్వాత మెల్లగా, తప్పు దిద్దుకునేవాళ్లు మాట్లాడినట్టు, ఒక మాట అంది.

"లోపల ఉన్నదే కదా అత్తమ్మా. ఎవరికి కనిపిస్తది? వజ్రమ్మకు ఈ తెల్లది పెట్టి కుడదాం. రెండు ఒక్కతీరే ఉన్నయి."

"నాకు కనిపిస్తది."

"మీరు ఎవ్వరికీ చెప్పకుంటే అయిపాయె."

"చెప్పకుంట ఉండేదైతే ఇప్పుడెందుకు ఇప్పుత బిడ్డా?"

ఆ పిల్ల లేచిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, నేను చూశాను, ఓదార్చలేదు. ఓదారుస్తే చేతిలో బ్లేడు ఆగుతుంది. గది నీట్‌గా ఉండాలని ఆమె ఆశ, అందులో తప్పేముంది, కానీ నీట్ అంటే ఏమిటో చెప్పే హక్కు ఈ గదిలో ఎవరికుంది? మూటలుగా ఉన్నప్పుడు నా కళ్లకు ఈ గది చిందరవందరగా ఎప్పుడూ లేదు. కిటికీ పక్కన ఖైరతాబాద్ టీచరమ్మది, ఆమె మీద కృష్ణానగర్‌లో సినిమాలకు బట్టలు కుట్టే ప్రమోద్ వాళ్ల అవ్వది, బీరువా పక్కన లక్డీకాపూల్ హోటల్ మేనేజర్ ఇంటిది. మనుషులు కూర్చున్నట్టు కూర్చునేవి. రంగుల ప్రకారం పెడితే మనుషులు పోయి రంగులు మిగిలాయి. రేపు పొద్దున ఈ డబ్బాలన్నీ నేల మీద బోర్లించి ఎవరిది వాళ్లకు మూట కడతాను, ఎన్ని రోజులైనా సరే, సురేందర్ ఎంత మొత్తుకున్నా సరే, అవసరమైతే ఒక్కొక్కరినీ పిలిపించి మీది మీరు పోల్చుకోండని చెబుతాను. సిగ్గా? సిగ్గే. పడతాను.

కానీ అంతా ఆ పిల్ల మీదికి తోయడానికి లేదు. హైమవతి మేడం చీరలు తెచ్చిన రోజు ఏం చేశాను? కుర్చీ వేశాను, చాయ్ పెట్టించాను, ఇద్దరం కూర్చుని మూడు చీరలూ విప్పి వెలుతురులో పట్టుకుని చూశాం, పెద్దామె ఏ పండగకు ఏది కట్టేదో, ఎంత సన్నగా ఉండేదో, చివరి రోజుల్లో మాట పోయాక కూడా కొంగు సర్దుకోవడం మానలేదట, అన్నీ విన్నాను. మూట విప్పకుండా, కట్టినవాళ్ల సంగతి వినకుండా నేను ఎవరి పనీ ఒప్పుకోను, అది నా పద్ధతి అని అందరికీ గొప్పగా చెబుతాను. మరి వజ్రమ్మ వచ్చిన రోజు? డ్యూటీ దిగి, చీర మీద ఆకుపచ్చ జాకెట్‌తోనే, మూట చంకలో పెట్టుకుని వచ్చింది. వాళ్ల బిడ్డ నిరోషకు వరంగల్‌లో నర్సింగ్ సీటొచ్చింది, హాస్టల్‌కు పోతుంది, అమ్మమ్మ చీరతో బొంత కావాలంటుందక్కా అంది. గడప దాటలేదు ఆమె. దాటమని నేను అనలేదు. ఫోన్ చెవికి పెట్టుకునే, ఆడ పెట్టు వజ్రమ్మా అని చెప్పుల పక్కన జాగా చూపించాను. చూపించిన వేలు ఇదే, సూది గుచ్చుకోకుండా అంగుస్తాన్ తొడుక్కున్న ఈ వేలే. రెండు నెలలూ ఆ మూట అక్కడే ఉంది, మిగతా ఇరవై ఒకటీ గోడ పక్కన ఉంటే. ఒక్కసారి విప్పి చూసి ఉంటే, ఆ నీలం రఫ్ఫు మీద ఒక్కసారి చెయ్యి పడి ఉంటే, మానస ఎన్ని డబ్బాల్లో ఎన్ని రంగులు కలిపినా నా చెయ్యి ఆ చీరను పట్టేసేది. చీకట్లో కూడా పట్టేసేది. నేను వేరుగా పెట్టిన మూటను, పాపం, ఆ పిల్ల తేడా తెలియక అందరితో కలిపి ఉతికింది. అది చెయ్యాల్సింది నేను.

సగం చుట్టు విప్పాను. కుట్టడానికి నాలుగు రోజులు, విప్పడానికి ఒక గంట చాలదు, లాగితే పాత నూలు పిగులుతుంది, ప్రతి కుట్టూ విడిగా తెంపాలి, తెంపిన దారం గోటితో లాగాలి. పై పొర ఒక పక్క లేచింది. కింద తెల్లది కనిపించింది, అంచు లేదు, అరిగి అరిగి దోమతెర అయింది, అయినా ఎంత తెల్లగా ఉంచుకుందో, రోజంతా దుమ్ములో నిలబడే మనిషి. వేళ్లు జరిపి రఫ్ఫు దగ్గరికి పోయాను. నిలువు పోగులు పది, అడ్డం పోగులు పది, ఒకటి పైన ఒకటి కింద, నేతపని తెలిసినవాళ్లు కూడా ఇంత ఓపికగా చెయ్యరు. మా నాన్న చూస్తే ఎవరి చెయ్యి బిడ్డా ఇది అని అడిగేవాడు. మగ్గం పుట్టిన ఇంట్లో పుట్టాను నేను, నాకు ఆ అడగడం కూడా చేతకాలేదు.

పది యాభై అయింది. ఇంకో ఆలోచన రాకుండా ఏం లేదు, నేనేం దేవతను కాను. అంచు మళ్లీ టకటకా కుట్టేసి చేతిలో పెడితే మేడం ఆనందంగా పోతుంది, బిడ్డ హాయిగా పడుకుంటుంది, పాలవాసన, ఉచ్చవాసన పట్టి నెల రోజుల్లో ఆ బొంత ఆ బిడ్డదే అయిపోతుంది. వజ్రమ్మకు రంగు తేడా చెప్పే కళ్లున్నాయేమో గానీ అడిగే నోరు ఎక్కడుంటుంది, గడప అవతల నిలబడే మనిషి. ఈ ఆలోచన వచ్చింది చూశావా, అప్పుడు నా మీద నాకు ఎంత మంట పుట్టిందంటే బ్లేడు జారి వేలు తెగింది. రక్తం బొంతకు అంటకుండా నోట్లో పెట్టుకున్నాను. ఉప్పగా, ఇనుము రుచి. ఆమెకు నోరు లేదని ఎవరు చెప్పారు నాకు? ఎప్పుడైనా మాట్లాడనిచ్చానా? ఇవ్వను, ఈ బొంతను ఇలా బయటికి పోనివ్వను, మేడం తిట్టినా సరే, ఈ గల్లీ అంతా నా పని మీద ఉమ్మినా సరే.

కారు హారన్ వినిపించింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు, తర్వాత మేడం గొంతు.

"కొమురమ్మ గారూ, అయిపోయిందాండీ? క్యాబ్ కింద ఆపి వచ్చాను... ఏంటిది? ఏంటండీ ఇది, విప్పేశారు?"

కుర్చీ చూపించాను, కూర్చోలేదు. చెప్పాను. మానస గుమ్మంలో నిలబడి, తప్పు నాదే మేడం, నేనే అన్నీ కలిపిన అంటే, కాదు నాది అన్నాను. గుర్తున్న చీర ఆమె చేతిలో పెట్టాను. దాన్ని చూసి ఆమె ముఖం ఒక్క క్షణం మెత్తబడి, మూల వెతికి చుక్కల మీద వేలు పెట్టి, అవును మా ఊరి చాకలి రంగయ్య పెట్టిన గుర్తే అంది. తర్వాత వంగి, విప్పిన బొంతలోంచి కనిపిస్తున్న తెల్లటి పొరను పట్టుకుంది.

"మరి ఇదెవరిది?"

"వజ్రమ్మ అని. మా రోడ్డు ఊడుస్తది. వాళ్లమ్మ చీర."

మేడం చెయ్యి వెనక్కి పోయింది. పెద్దగా కాదు, నిప్పు తగిలినట్టు కాదు, రెండంగుళాలు, చూడనివాళ్లకు తెలియదు. నాకు తెలిసింది, ఎందుకంటే అలా పోయే చెయ్యి నాకూ ఒకటుంది. మేడం కూడా తన చేతిని తనే చూసుకుని సిగ్గుపడ్డట్టుంది, వెంటనే మళ్లీ పెట్టింది, ఈసారి కావాలని అరచెయ్యి మొత్తం ఆనించింది. చదువుకున్న మనిషి, కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి.

"పర్లేదండీ. ఉతికిందేగా. నేను అలాంటివేం పట్టించుకోను. అంచు అలా కుట్టేసి ఇచ్చేయండి, పూజ అక్కడ ఎదురుచూస్తోంది, మళ్లీ ఎప్పుడు విప్పి ఎప్పుడు కుడతారు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఈ దయ ఏమిటి, ఎవరి మీద? ఆ చీర ఏదో నేరం చేస్తే ఈమె క్షమించింది.

"మీరు పట్టించుకోకపోవుడు కాదు మేడం. ఆమె చీర ఆమెను అడగకుంట నేను మీకెట్లిస్త? ఇప్పుతున్నది మీ కోసం కాదు."

"సరే, అడగండి. ఫోన్ చెయ్యండి. పసిబిడ్డకంటే కాదంటుందా? సంతోషిస్తుంది కూడా. చెయ్యండి, నేనే మాట్లాడతా."

మానస నా ఫోన్ తెచ్చి నంబరు కలిపి, అందరికీ వినపడేలా పెట్టి, బొంత పక్కన గచ్చు మీద ఉంచింది. గంట మోగుతోంది. సంతోషంగా ఇచ్చేస్తుందేమోనని భయం, అదే నా భయం, ఎవరేం అడిగినా ఇచ్చేయడం అలవాటైన మనిషి, తీసుకోండక్కా దాందేముంది అంటుందేమో, అప్పుడు నేను ఏం చెయ్యాలి?

"చెప్పక్కా." వెనక బస్సుల మోత, చీపురు గీరే చప్పుడు. "అయ్యిందా మా నిరోష బొంత?"

"కాలే వజ్రమ్మా. నాతోని తప్పయింది. మీ అమ్మ తెల్ల చీర, గా నీలం రఫ్ఫుది, వేరేటోళ్ల బొంతల కుట్టిన. చంటిపిల్ల బొంత. వాళ్లొచ్చి కూసున్నరు. నువ్వు సరే అంటే గట్లనే ఇయ్యమంటున్నరు."

చీపురు ఆగింది.

"పిల్ల మంచిగున్నదా?"

"మంచిగున్నదట."

"సల్లగుండాలె," అంది వజ్రమ్మ. మేడం నా వైపు చూసి తల ఊపింది, చూశారా అన్నట్టు. "చీర మాత్రం ఇయ్యకక్కా."

మేడం ఫోన్ చేతిలోకి తీసుకుంది. "వజ్రమ్మా, నేనమ్మా, ఆ బిడ్డ అమ్మమ్మని. చూడు, ఇప్పుడు విప్పితే పాపకి ఇవాళ్టికి ఏమీ ఉండదు. నీకు మంచి చీర, నీకు నచ్చింది, కొత్తది పంపిస్తాను. సరేనా?"

అవతల బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది. ఫోన్ పెట్టేసిందేమో అనుకుని మానస మేడం చేతిలోకి తొంగి చూసింది.

"నాకు చీరలున్నయమ్మా," అంది వజ్రమ్మ, గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. "మా అమ్మది ఒక్కటే ఉన్నది."

హైమవతి మేడం తన రెండు చేతులనూ చూసుకుంది. ఎడమచేతిలో తన తల్లి చీర ఉంది, కుడిచేతిలో ఫోన్ ఉంది. ఫోన్ మళ్లీ గచ్చు మీద పెట్టి, మొదటిసారి కుర్చీ వద్దని నేల మీదే కూర్చుంది. నాకు సంతోషం ఎంత పొంగుకొచ్చిందంటే, మేడం ఇబ్బంది, బిడ్డ ఇంటికి చేరే వేళ, నా నాలుగు రోజుల కష్టం, ఏదీ గుర్తు రాలేదు, ఇవ్వనంది, ఇవ్వనని నోటితో అంది, నేను మూసిపెట్టాననుకున్న నోటితో.

"వజ్రమ్మా," అన్నాను, "మీ అమ్మ పేరేంది?"

"ఎందుకక్కా?"

"పరిచేటప్పుడు చెప్పాలె."

"ఎల్లవ్వ," అంది.

మేడం చేతిలోని తెల్ల చీరను నేను తీసుకుని నాలుగు మడతలు వేసి, కుట్టు లేకుండానే, ఇవాళ్టికి దీని మీద పడుకోబెట్టండి అని ఆమె చేతుల్లో పెట్టాను. తర్వాత బ్లేడు తీసుకుని ఎల్లవ్వ చీర నుంచి మిగిలిన కుట్లు ఒక్కొక్కటే తెంపాను.